నలభై మంది ఉన్న క్లాసులో అందరిచేతా ఆలోచింపజేయడం ఎలా?

ప్రశ్న (తరగతిగది)

ఎనిమిదో తరగతి, నలభై మంది, 40 నిమిషాల పీరియడ్. "ఇంకెలా చేయొచ్చు?", "మీరైతే ఏమంటారు?" లాంటి ప్రశ్నలు వేస్తే ఎప్పుడూ అదే నలుగురు చేతులెత్తుతున్నారు. మొదట లేచినవాళ్లు చెప్పిందాన్నే మిగతావాళ్లు అటూ ఇటూ మార్చి చెబుతున్నారు. గ్రూపులు చేస్తే గోల ఎక్కువ, పని తక్కువ. సిలబస్ పక్కన పెట్టకుండా చేయించదగ్గవి చెప్పండి. మార్కులు ఎలా వేయాలో కూడా.

సుద్దముక్క

ముందు మాట్లాడించడం మానేసి రాయించండి. ఒకరు చెప్పింది చెవిన పడగానే మిగతావాళ్ల ఆలోచన అటే పోతుంది. పైగా ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు మనసులో ఉన్నది జారిపోతుంది. నోటితో చేసే గ్రూపు చర్చలో ఆలోచనలు తగ్గడానికి ఇదే ముఖ్య కారణమని మనస్తత్వ పరిశోధకులు డీల్, స్ట్రోబె 1987లో ప్రయోగాలు చేసి చూపించారు.

దీనికి మందు 6-3-5 పద్ధతి. 1968లో రోర్‌బాహ్ అనే జర్మన్ మార్కెటింగ్ నిపుణుడు రూపొందించాడు. ఆరుగురు, తలా మూడు ఆలోచనలు, ఐదు నిమిషాలకోసారి కాగితం పక్కవాళ్లకు. ఆరు రౌండ్లకు 108 ఆలోచనలు వస్తాయి గానీ అరగంట పడుతుంది, మీ పీరియడ్‌కు సరిపోదు. నలుగురేసి పది గ్రూపులు చేయండి. ప్రతి ఒక్కరికీ మూడు నిలువు గళ్లు, నాలుగు అడ్డు వరుసలు గీసిన కాగితం ఇవ్వండి. మొదటి రెండు రౌండ్లు మూడేసి నిమిషాలు, తర్వాతి రెండూ నాలుగేసి (చదవాల్సింది పెరుగుతుంది కాబట్టి). పద్నాలుగు నిమిషాల్లో గ్రూపుకు 48 గళ్లు నిండుతాయి. మాటలు ఉండవు కాబట్టి గోలా ఉండదు.

పని చెడేది రెండు చోట్ల. పై వరుసలో ఉన్నదాన్నే మళ్లీ రాస్తారు. అందుకే "పైదానికి ఒకటి కలపాలి, లేదా మార్చాలి, లేదా తిప్పేయాలి" అని బోర్డు మీద రాసి ఉంచండి. రెండోది, కాగితాలు నిండగానే బెల్ కొడుతుంది. చివరి పదిహేను నిమిషాలు ఎంపికకే ఉంచండి. రెండు కొలమానాలు మీరే ఇవ్వండి: "చేయగలమా?", "సమస్య నిజంగా తీరుతుందా?" గ్రూపు ఒక్క ఆలోచనే ఎంచుకోవాలి, వదిలేసినవాటిలో ఒకదాన్ని ఎందుకు వదిలేశారో రెండు వాక్యాలు రాయాలి. అసలు ఉన్నత స్థాయి ఆలోచనంతా ఆ రెండు వాక్యాల్లోనే ఉంటుంది, దయచేసి దాన్ని మాత్రం వదలకండి.

లెక్కలు_సైన్సు

పై పద్ధతి మంచిదే. కానీ రోజూ అక్కర్లేదు. పాఠంలో ఉన్న ప్రశ్ననే కాస్త తిప్పితే చాలు.

లెక్కల్లో "పొడవు 6, వెడల్పు 4, వైశాల్యం ఎంత?" అనే బదులు "వైశాల్యం 24 వచ్చే దీర్ఘచతురస్రాలన్నీ గీయండి, ఏదానికి చుట్టుకొలత తక్కువ?" అనండి. 1×24కి 50, 2×12కి 28, 3×8కి 22, 4×6కి 20 వస్తాయి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. "20 కన్నా తగ్గించలేమా?" అని అడిగి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకండి. భుజాలు పూర్ణసంఖ్యలే కానక్కర్లేదని ఎవరికో తడుతుంది. భుజం సుమారు 4.9 ఉన్న చతురస్రానికి చుట్టుకొలత 19.6.

సైన్సులో ముందు ఊహ, తర్వాత పరిశీలన, ఆపైన వివరణ. రెండు గాజు గ్లాసుల్లో 200 మి.లీ. చొప్పున నీళ్లు, ఒకదానిలో మూడు చెంచాల ఉప్పు. ఒకే సైజు ఐస్ ముక్కలు వేస్తే ఏది ముందు కరుగుతుంది? ఊహనూ, దానికి కారణాన్నీ పెన్నుతో రాయించాలి. పెన్సిల్ అయితే ఫలితం చూశాక చెరిపేస్తారు. ఎక్కువమంది ఉప్పునీళ్లనే రాస్తారు, మంచినీళ్లలోది ముందు కరుగుతుంది. కారణం మీరు చెప్పకండి. ఐస్ మీద ఒక చుక్క రంగు వేయండి. మంచినీళ్లలో రంగు కిందికి దిగుతుంది, ఉప్పునీళ్లలో పైనే పొరలా నిలుస్తుంది. కరిగిన చల్లటి నీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి ఐస్ చుట్టూనే ఉండిపోతుందని పిల్లలే పట్టుకుంటారు. ఉప్పు ముందే కలిపి రెండు గ్లాసులూ గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మొదలుపెట్టండి. ఐస్ వేశాక గరిటె పెట్టి కలిపితే పొర చెదిరి ప్రయోగం పోతుంది.

తరగతిగది

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండూ చేయిస్తాను. మరి మార్కులు?

సుద్దముక్క

ఆలోచనలు రాసే దశకు మార్కులు వద్దండి, మార్కులన్న మాట వినగానే పిల్లలు అచ్చం గైడులోలాగే రాస్తారు. మీ అభిప్రాయం చెప్పడానికైతే, సృజనాత్మకతకు పరీక్షలు తయారుచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త టారెన్స్ వాడిన నాలుగు కొలతలు చాలు: ఎన్ని, ఎన్ని రకాలు, ఎంత అరుదు, ఎంత వివరం. ఇటుకతో ఏమేం చేయొచ్చంటే "గోడ, మెట్లు, అరుగు" అన్న జవాబులో లెక్క మూడు, రకం మాత్రం ఒకటే, కట్టడం. "తలుపు కదలకుండా అడ్డు, కాగితాలు ఎగరకుండా బరువు, పొడి చేసి రంగు" అంటే మూడూ వేర్వేరు రకాలు. అరుదు తేల్చడానికి మీ క్లాసే కొలబద్ద: నలభై మందిలో ఒకరిద్దరే రాసినదైతే అరుదు. మార్కు తప్పనిసరైతే, వదిలేసిన ఆలోచనకు రాసిన కారణానికి వేయండి. "బాగాలేదు" అంటే సున్నా, కొలమానం పేరు చెబితే ఒకటి, దానికి ఆధారం కూడా చూపిస్తే రెండు.