పాత లాంచీ: వేడెక్కాక ముందుకి లాగడం లేదు, గేర్‌బాక్స్ దింపాలా?

దిండి రేవు:
అందరికీ నమస్కారమండి. మాది దిండిలో పాత ఫైబర్ లాంచీ, 30 అడుగులు, లోపలే డీజిల్ ఇంజను. గేర్‌బాక్స్ వెల్వెట్ డ్రైవ్. ప్లేటు మీద 71సి అని, రేషియో 1.91 అని ఉంది. గోవాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న లాంచీ, అందుకని ఈ బాక్స్ మన వైపు ఎవరికీ పెద్దగా అలవాటు లేదు.

పొద్దున్నే తీస్తే చించినాడ వంతెన దాకా బ్రహ్మాండంగా పోతుంది. అరగంట దాటాక థ్రాటిల్ ఎంత ఇచ్చినా ఇంజను అరుపే గాని లాంచీ కదలదు. కాసేపు ఆపి చల్లారనిస్తే మళ్లీ లాగుతుంది. రివర్స్ మాత్రం రేవులో ఎప్పుడు వేసినా బాగానే పడుతోంది. ఇంజను టెంపరేచర్ మామూలే. గేర్ ఆయిల్ లెవెల్ సరిపడా ఉంది, ఎర్రదనం తగ్గి కాస్త నల్లబడింది.

ఒక మెకానిక్ వచ్చి రెండు నిమిషాలు చూసి "లోపలి క్లచ్ ప్లేట్లు పోయాయి, బాక్సు దింపాల్సిందే" అన్నాడు. జూన్ 14 దాకా వేట నిషేధం కదా, మెకానిక్‌లంతా ఒడ్డుకెక్కించిన బోట్ల మీదే ఉన్నారు. ఇప్పుడు బాక్స్ చేతికిస్తే ఎప్పుడు తిరిగొస్తుందోనని టెన్షన్. దింపకుండా తేల్చుకునే దారి ఉందా?

కోనసీమ కుర్రోడు:
అన్నా, వేడికి ఆయిల్ పలచబడిపోతోంది. మా బోటు గేర్‌బాక్స్‌లో 40 నంబర్ ఇంజనాయిల్ పోస్తాం, ఏ గొడవా లేదు. అది పోసి చూడు.

వశిష్ఠ సరంగు:
తమ్ముడూ, మీది చైనా బాక్స్ అయ్యుంటుంది, దానికి ఇంజనాయిలే పోయాలి. ఈయన బాక్స్‌లో ఉన్నది ఏటీఎఫ్, ఆ ఎర్ర ఆయిల్. చిక్కటిది పోస్తే జారడం నాలుగు రోజులు దాక్కుంటుందేమో గాని రోగం పోదు.

దిండి గారూ, మెకానిక్ చెప్పింది తప్పని అనను. కాకపోతే రెండు నిమిషాల్లో ఆ మాట ఆయనా చెప్పలేడు, నేనూ చెప్పలేను. జారుతున్నది బాక్స్ లోపలా, బయటా అన్నది ముందు తేలాలి. దానికి మీ 1.91 చాలు. రిఫ్లెక్టర్ టేపు అంటించి దూరం నుంచి చూసే టాకోమీటర్ ఒకటి తెచ్చుకోండి. టేపు ముక్క ఒకటి కప్లింగ్ మీద, అంటే బాక్స్‌ని షాఫ్ట్‌కి కలిపే చోట, ఒకటి షాఫ్ట్ మీద అంటించండి. ఇంజను నిమిషానికి 1910 చుట్లు తిరుగుతుంటే కప్లింగ్ 1000 తిరగాలి. కప్లింగ్ సరిగ్గా తిరిగి షాఫ్ట్ వెనకబడితే కప్లింగ్ కీ అరిగింది, లేదా బోల్టులు వదులయ్యాయి. రెండూ 1000 తిరుగుతూ లాంచీ లాగకపోతే బాక్స్ జోలికి పోవద్దు, నీళ్లలోకి దిగి ఫ్యాన్ (ప్రొపెల్లర్) చూడండి. గుర్రపుడెక్కో, వల ముక్కో చుట్టుకుని ఉంటుంది, లేదా ఫ్యాన్ కీ తెగి ఉంటుంది. కప్లింగే బాగా తక్కువ తిరిగితే అప్పుడు లోపలి సంగతి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, జారడం మొదలయ్యాక ఒకసారి రాసుకోండి. లుంగీతో, మెడలో తువ్వాలుతో మాత్రం షాఫ్ట్ మీదకి వంగొద్దు.

గేరు లివర్ కూడా చూడాలి. స్టీరింగ్ దగ్గర కాదు, బాక్స్ మీద ఉన్నది. ఫార్వర్డ్ వేసినప్పుడు అది దాని గుంటలో టక్కున కూర్చోవాలి. కేబుల్ సాగినా, బ్రాకెట్ వదులైనా కొంచెం ముందే ఆగిపోతుంది. అప్పుడు ప్లేట్లకి ఆయిల్ ఒత్తిడి పూర్తిగా అందక అవి జారి కాలతాయి. లాంచీని గట్టిగా కట్టేసి, ఐడిల్ మీద ఉంచి, కేబుల్ విప్పి చేత్తో లివర్ తోయండి. చేత్తో పడింది, కేబుల్‌తో పడలేదు అంటే బాక్స్‌కి ఏమీ కాలేదు.

రివర్స్ బాగుందన్నారు గాని రేవులో ఐడిల్ మీద వేసి చూసుంటారు. అది పరీక్ష కాదండి. ఫార్వర్డ్ ప్లేట్లు వేరు, రివర్స్ ప్లేట్లు వేరు, రెండింటికీ ఆయిల్ తోసే పంపు మాత్రం ఒక్కటే. వాల్వ్ బాడీ దగ్గర ప్లగ్ విప్పి 300 పీఎస్‌ఐ దాకా ఆయిల్ ఒత్తిడి చూపించే గేజ్ పెట్టండి. 2000 ఆర్‌పీఎం దగ్గర, వేడి మీద, ముందుకీ వెనక్కీ ఎంత చూపిస్తోందో రాయండి. వంద దాటి ఉండాలి. ఫార్వర్డ్‌లో మాత్రమే పడిపోతే ఆ ప్లేట్ల సీళ్లని అనుమానించాలి. రెండింట్లోనూ పడిపోతే పంపు, జల్లెడ, వేడి, ఈ మూడూ చూడాలి.

ఆయిల్ ఇంజను ఆపిన వెంటనే, వేడి మీదే కొలవండి. ఆగి ఉంటే కూలర్‌లోది దిగొచ్చి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది.

దిండి రేవు:
సరంగు గారూ, మీరు చెప్పినట్టే చేశాం. లివర్ గుంటలో బాగానే కూర్చుంటోంది, చేత్తో వేసినా అంతే. చల్లగా ఇంజను 1910 దగ్గర కప్లింగ్ 1000కి అటూఇటూగా ఉంది. జారడం మొదలయ్యాక 640, షాఫ్ట్ కూడా అంతే. గేజ్ చల్లగా 130 చూపించింది, వేడెక్కాక 60. రివర్స్‌లో కూడా 60కే పడిపోయింది! అంటే పంపు పోయిందా?

యానాం డీజిల్:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. చల్లగా 130 ఇస్తోందంటే పంపు మీద అప్పుడే పడొద్దు. ఇంజను వేడెక్కకుండా గేర్‌బాక్స్ ఒక్కటే ఎందుకు వేడెక్కుతోందో చూడండి. గేర్ ఆయిల్ కూలర్‌కి నది నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి? ఇంజనుకెళ్లే నీళ్లే ముందు కూలర్‌లోంచి పోతే, అది మూసుకుపోయినప్పుడు ఇంజనూ వేడెక్కాలి. విడిగా సన్న గొట్టం తీశారేమో చూడండి. మన వైపు అదే పెద్ద తలనొప్పి. వరదల్లో ఎర్ర నీళ్లతో వచ్చిన ఒండ్రు ట్యూబుల్లో పేరుకుంటుంది, ఎండాకాలం పోటుకి ఉప్పునీళ్లు ఎక్కొచ్చి దాన్ని గట్టిపరుస్తాయి. ఆయిల్ 88 డిగ్రీలు దాటకూడదు. బాక్స్ అడుగున థర్మామీటర్ పెట్టి చూడండి.

దిండి రేవు:
ఆయ్, సరిగ్గా అదేనండి! పాత ఓనరు ఎవరో నీళ్ల గొట్టానికి టీ జాయింట్ పెట్టి కూలర్‌కి చిటికెన వేలంత గొట్టం తీశాడు. బాక్స్ వేడి 110 చూపించింది. కూలర్ మూత విప్పితే సగానికి పైగా ట్యూబులకి మట్టి, మధ్యలో గుర్రపుడెక్క వేళ్లు. కూలర్ తుప్పు పట్టకుండా తను అరిగిపోయే జింకు ముక్క ఉండాల్సిన చోట బోడి ప్లగ్ ఒక్కటే మిగిలింది. సన్న ఊచతో పొడిచి, నీళ్లు కొట్టి బిగించాం. నిన్న అంతర్వేది దాకా వెళ్లొచ్చాం. వేడి మీద 115 పీఎస్‌ఐ, కప్లింగ్ 985. బాక్స్ దింపక్కర్లేదనుకోవచ్చా?

వశిష్ఠ సరంగు:
యానాం వాళ్ల మాట నిజమైంది, సంతోషం. 985 అంటే టాకోమీటర్ తేడా కూడా అయ్యుండొచ్చు, దింపొద్దు. కాకపోతే అంత వేడిలో నడిచింది కాబట్టి ఆ నల్ల ఆయిల్ ఉంచొద్దు. తీసి తెల్ల గుడ్డలో వడకట్టండి. నల్లటి పొడి కొంచెం ఉంటే ఫర్వాలేదు. రేకు ముక్కలు, ఇత్తడి మెరుపు కనిపిస్తే చెప్పండి, అప్పుడు వేరే మాట. ఆయిల్ పాలలాగా తెల్లబడి ఉంటే మాత్రం కూలర్ ట్యూబ్ కారుతున్నట్టే, ఒక్క గంట కూడా నడపొద్దు. కూలర్ గొట్టం బిగించే బుష్ లోపల చిన్న జల్లెడ ఉంటుంది, అది కూడా కడగండి. గొట్టం లావుది మార్చి, నీళ్లు ఎక్కే చోట జాలీ పెట్టండి. జింకు కొత్తది వేయండి. ఆ గేజ్ తీయకండి, అక్కడే ఉండనివ్వండి.

కొత్త ఆయిల్ పోశాక, వేడి మీద ప్రెషర్ వంద పైన ఉండి కూడా కప్లింగ్ 900కి దిగిపోతే అప్పుడు ప్లేట్లే. అదైనా నిషేధం అయ్యి బోట్లు వేటకి వెళ్లాక దింపించుకోండి, మెకానిక్‌కి తీరిక ఉంటుంది.