మొదటి వరస దగ్గరే ఆగిపోయాను: సిమెంట్ బ్లాకుల గోడ సొంతంగా కట్టినవాళ్లు చెప్పండి

సత్తెనపల్లి పెరడు:
ఇంటి వెనక కాంపౌండ్ వాల్. పిల్లర్లు, గోడ అడుగున అడ్డంగా వచ్చే కాంక్రీటు దూలం, అదే ప్లింత్ బీమ్, వరకూ మేస్త్రి చేత పోయించాను. ఆదివారాలు ఖాళీయే కదా, గోడ నేనే కడదామని దిగాను. పిల్లర్‌కీ పిల్లర్‌కీ మధ్య లోపలి కొలత 9 అడుగులు, అలాంటివి నాలుగు. 16×8×6 అంగుళాల సాలిడ్ బ్లాకులు, ఒక్కోటి పాతిక కిలోల పైమాటే. నిన్న పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి పడినవి ఐదు. ఒక్కో బ్లాకు మీదా రసమట్టం పెడితే బుడగ మధ్యలోనే ఉంటోంది. తీరా దూరం నుంచి చూస్తే వరస మొత్తం పడమటికి వాలినట్టుంది. తీసి మళ్లీ పెట్టాలా, పై వరసల్లో సర్దుకుంటుందా?

నల్లరేగడి:
సర్దుకోదు. ఈరోజే తీసేయండి. మాలు, అదే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, ఇంకా పచ్చిగానే ఉంటుంది, రేపటికి సుత్తి కావాలి.

తాపీ తాతయ్య:
బాబూ, నలభై ఏళ్లు తాపీ పట్టిన చెయ్యి నాది, ఇప్పుడు మోకాళ్లు లేక ఫోన్ పట్టుకున్నాను. నీ తప్పు రసమట్టంలో లేదు. అడుగున్నర రసమట్టంతో బ్లాకు తర్వాత బ్లాకు చూసుకుంటూ పోతే ప్రతి దాంట్లో కంటికి కనపడని తేడా మిగులుతుంది, అవన్నీ ఒకే వైపు కూడుకుంటాయి. ముందు పిల్లర్ల మీద మట్టం గుర్తు పెట్టాలి. దానికి నీళ్ల లెవెల్ ట్యూబే దిక్కు, అంటే నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం, రెండు చివర్లా నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. నీళ్లు నింపాక బుడగలు లేకుండా చూసుకో. ఒక్క బుడగ ఉన్నా గుర్తు తప్పుతుంది. పిల్లర్లన్నిటికీ ఒకటే మట్టం పెట్టి, అక్కడి నుంచి బీమ్‌కి కిందికి కొలుచుకుంటూ రా. బీమ్ ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో అప్పుడు తెలుస్తుంది. అన్నిటికంటే ఎత్తున్న చోట మూడు నూళ్ల మాలు, అంటే మీ లెక్కలో 10 మిల్లీమీటర్లు. అక్కడి నుంచే మొదలు. మిగతా చోట్ల మాలు ఎంత మందం వస్తే అంత.

సత్తెనపల్లి పెరడు:
ట్యూబ్ పెట్టి చూశానండీ. ఈ చివరికీ ఆ చివరికీ అంగుళంన్నర తేడా! బీమ్ పోసిన మేస్త్రి ఫోన్ ఎత్తడం లేదు.

తాపీ తాతయ్య:
ఎత్తడు. అంగుళం దాటిన చోట ఉత్త మాలుతో నింపకు, బరువుకి అణిగిపోతుంది, ఆరాక పగుళ్లు కూడా. సన్న కంకర కలిపిన కాంక్రీటు ముందు రోజే పలచగా పరిచి ఆరనివ్వు. బీమ్ పైభాగం నున్నగా ఉంటే ఉలితో గాట్లు పెట్టి, కడిగి, సిమెంట్ పాలు చల్లాకే. పిల్లర్‌కి బ్లాకు ఆనే చోటా అంతే.

కూకట్‌పల్లి బాల్కనీ:
మా ఊళ్లో నాన్న ఇంటికి పోయినేడు నేనూ ఇదే పని చేశాను. నన్ను ఎక్కువ ఏడిపించింది దారం. లైను దారం బిగించి కట్టాను, బ్లాకులు దానికి ఆనించి పెట్టుకుంటూ వెళ్లాను. నాలుగో బ్లాకుకి దారమే బయటికి జరిగింది! ఒక్క బ్లాకు కాస్త తోసినా దారం విల్లులా వంగుతుంది, తర్వాతి బ్లాకులన్నీ ఆ వంపునే నమ్ముతాయి. బ్లాకుకీ దారానికీ మధ్య ఓ పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలని పక్కింటి మేస్త్రి చెప్పాకే గోడ దారిలో పడింది.

నల్లరేగడి:
ఇంకో మాట. మాలు పెట్టకముందు బ్లాకులు ఉత్తినే పేర్చి చూశారా? 9 అడుగులంటే 108 అంగుళాలు. ఆరు నిండు బ్లాకులకి 96 పోతే, పిల్లర్ల దగ్గరివీ కలిపి ఎనిమిది సందులకి మూడు అంగుళాలు. మిగిలేది 9 అంగుళాల ముక్క. ఈ వరసలో ముక్క కుడి చివర వస్తే పై వరసలో ఎడమ చివర పెట్టండి. నిలువు సందులు ఒకదాని మీద ఒకటి పడకుండా ఆరు అంగుళాల పైనే జరుగుతాయి. సగం బ్లాకుతో మొదలుపెట్టాలని కొందరు అలవాటుగా చెబుతారు. మీ కొలతకి అలా చేస్తే చివర్లో అంగుళం కూడా లేని ముక్క కోసుకోవాల్సి వస్తుంది. అది ఎవడి వల్లా కాదు.

డల్లాస్ పెరడు:
ఈ లెక్క చదువుతుంటే నవ్వొచ్చింది. ఇక్కడ 8-8-16 బ్లాకు అని అమ్ముతారు, టేపు పెడితే 15 అంగుళాల 5 నూళ్లు. మోసం చేశాడనుకున్నాను. మిగతా మూడు నూళ్లు మాలు సందుకట. రెండూ కలిస్తే సరిగ్గా 16. తాతయ్య గారి మూడు నూళ్లే! మా పక్క నేల కూడా నల్లరేగడి లాంటిదే, వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. మీ పునాది ఎంత లోతండీ?

సత్తెనపల్లి పెరడు:
నాలుగడుగులు తవ్వించాను, ఎర్ర మట్టి తగిలింది. ఇంకో డౌట్. బ్లాకుల్ని ఎర్ర ఇటుకల్లా ముందు రోజంతా నీళ్లలో నానబెట్టాలా?

వేటపాలెం అన్న:
నానబెట్టాలి అన్నా. మా ఊళ్లో అందరూ తడుపుతారు.

తాపీ తాతయ్య:
ఎర్ర ఇటుక సంగతి వేరు. అది మాలులో నీళ్లు గుటుక్కున తాగేస్తుంది కాబట్టి నానబెడతాం. సిమెంట్ బ్లాకు నానితే కొంచెం ఉబ్బుతుంది, గోడలో ఆరాక కుంచించుకుని సందుల దగ్గర సన్నటి పగులు ఇస్తుంది. ఆనించే ముఖాల మీద కాస్త నీళ్లు చిలకరిస్తే చాలు. గోడ కట్టాక మాత్రం వారం రోజులు తడపాలి.

వేటపాలెం అన్న:
మా గోడకి పగుళ్లు అందుకేనా? సున్నం వాడి మీద పడ్డాను ఇన్నాళ్లూ.

కూకట్‌పల్లి బాల్కనీ:
మాలు పలచన చేయకండి. నేను సుఖంగా పరుచుకోవచ్చని నీళ్లు ఎక్కువ పోశాను. బ్లాకు పెట్టగానే చెరువులో గేదెలా కూర్చుంది, పైకి ఎత్తితే అడుగున మాలంతా దానితోనే వచ్చింది. తాపీ మీద ముద్దలా నిలబడాలి, తాపీ వంచితే జారాలి, కారకూడదు. నాది 1:6, అంటే ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్లు ఇసుక. ఎండల్లో ఒకేసారి పెద్ద గుట్ట కలపొద్దు, రెండు గమేళాలు చాలు. గ్లౌజులు వేసుకోండి, నా వేళ్ల సందుల్లో సిమెంట్ తినేసిన మచ్చలు నెల్లాళ్లు ఉన్నాయి.

సత్తెనపల్లి పెరడు:
అప్‌డేట్. కాంక్రీటు పరిచాను, ఆరింది. ఈ ఆదివారం మొదటి రెండు పిల్లర్ల మధ్య ఆరు బ్లాకులూ, గ్రైండర్‌తో కోసిన 9 అంగుళాల ముక్కా పడ్డాయి. పన్నెండింటికి మొదలుపెట్టి ఐదయింది. దారం పొడవునా పోస్టుకార్డు తిరిగింది.

ఒక్క చిక్కు. మొదటి బ్లాకు పెట్టగానే అమ్మ వచ్చి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. తర్వాత చూస్తే ఆ బ్లాకు రెండు నూళ్లు ఎత్తుంది. కదిపితే ఊరుకోనంది. రబ్బరు సుత్తితో మెల్లగా కొడుతుంటే, "పూజ చేసినదాన్ని కొడతావేంట్రా" అని వంటింట్లోంచి కేక. టీ పెట్టమని లోపలికి పంపించి రెండు దెబ్బలు వేశాను. మట్టానికి వచ్చింది.

తాపీ తాతయ్య:
మూడో దెబ్బ వేయలేదు కదా?