ఇస్పేటు రాణిని కంప్యూటరు చూసే ఆడుతోందా?

కొండారెడ్డిబురుజు (కర్నూలు):
విండోస్ ఎక్స్‌పీతో పాటే వచ్చిన హార్ట్స్ ఆటను పాత కంప్యూటరులో ఇప్పటికీ ఆడుతుంటాను. ఇందులో పట్టు (ఒక్కొక్కరు ఒక్కో ముక్క వేసే చుట్టు) గెలిచినవారి మీద అందులోని ఆఠీనుకు ఒకటి చొప్పున, ఇస్పేటు రాణికి 13 పాయింట్లు పడతాయి, తక్కువ పాయింట్లున్నవారే గెలుస్తారు. ఎదుట పాలిన్, మిషెల్, బెన్ అనే ముగ్గురు కంప్యూటరు ఆటగాళ్లు ఉంటారు. 13 పాయింట్ల ఇస్పేటు రాణి నా చేతిలో పడి, దానికి తోడుగా రెండే చిన్న ఇస్పేట్లు ఉన్నాయంటే చాలు, ముగ్గురూ కూడబలుక్కున్నట్టు ఇస్పేటు వెంట ఇస్పేటు దించి రాణిని బయటికి లాగుతారు. పక్కవాడి చేత కోయించకుండా పేక పంచితే మా ఊళ్లో ఏ అరుగు మీదా ఒప్పుకోరు. ఇక్కడ కలిపేదీ, పంచేదీ, ఎదురు ఆడేదీ ఒకే ప్రోగ్రాము. దీన్ని న్యాయమైన ఆట అని ఎలా నమ్మాలి?

గడియారస్తంభం (అనంతపురం):
బురుజు గారూ, పంపకంలో మోసం వేరు, ఆడటంలో మోసం వేరు. 52 ముక్కల్లో 13 మీవి కనుక రాణి మీకు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. వరుసగా మూడు పంపకాల్లో రావడానికి 64లో ఒకటి. రోజూ ఆడేవారికి అది అప్పుడప్పుడు ఎదురుకాక తప్పదు. ఇక ఇస్పేట్లు దించడం గురించి చెప్పాలంటే, ఆసు, రాజు, రాణి మూడూ తన చేతిలో లేని ఆటగాడు ఎవరైనా చిన్న ఇస్పేటుతోనే పట్టు మొదలుపెడతాడు, ఎందుకంటే రాణి అతని మీద పడే భయం దాదాపు ఉండదు, అది ఉన్నవారికే ఇబ్బంది. దీనికి మీ ముక్కలు తొంగిచూడనక్కర లేదు. పైగా ఆట మొదట్లో మూడేసి ముక్కలు మార్చుకుంటాం కదా, రాణిని మీకు అంటగట్టినవాడికి అది మీ దగ్గర ఉందని న్యాయంగానే తెలుసు.

దేవునికడప (కడప):
విండోస్‌లోనే వచ్చే ఒంటరి పేకాట ఫ్రీసెల్‌లో ఈ తగాదాయే లేదు. విండోస్ 95లో 32,000 పంపకాలకు అంకెలుండేవి. ఏ అంకె కొట్టినా అందరికీ అవే ముక్కలు వచ్చేవి. వాటిలో 11982వ పంపకం తెగదని కూడా ఊరూరా తెలిసిపోయింది. హార్ట్స్‌లో అలా సరిచూసుకునే అంకె లేదు, కాబట్టి బురుజు గారి అనుమానాన్ని ఉత్త చాదస్తమని కొట్టిపారేయలేం.

కొండారెడ్డిబురుజు (కర్నూలు):
తొంగిచూడటం సంగతి అలా ఉంచినా, పట్టు నాకు వచ్చినప్పుడల్లా ముగ్గురూ ఆఠీన్లు నా మీదే పడేస్తున్నారు. దీనికేమంటారు?

గడియారస్తంభం (అనంతపురం):
పట్టు ఎవరికి పోతుంటే వారి మీద పడేయడమే కదా ఈ ఆట! పాలిన్ పట్టు తీసుకున్నప్పుడు బెన్ తన ఆఠీన్లను దాచుకుంటున్నాడా అన్నది చూడండి. దాచుకుంటే అది కుమ్మక్కే. 26 పాయింట్లూ ఒకరే పట్టేసిన పంపకాలను పక్కన పెడితే, సమానంగా ఆడే నలుగురిలో ఒక్కొక్కరికి సగటున ఆరున్నర పడాలి. మీకు అంతకంటే ఎక్కువ పడుతున్నా మోసం రుజువైనట్టు కాదు, వాళ్లు మీకంటే బాగా ఆడుతూ ఉండవచ్చు (కోపగించుకోకండి).

అసలు పరీక్ష ప్రతి నాలుగో పంపకంలో ఉంది. అందులో ముక్కలు మార్చుకోవడం లేదు, కనుక రాణి ఎక్కడుందో చేతిలో ఉన్నవారికి తప్ప ఎవరికీ తెలిసే వీలు లేదు. ఆ పంపకాలను మాత్రమే కాగితం మీద రాసుకుంటూ పోండి: రాణి మీ దగ్గర ఉన్నప్పుడు ఇస్పేట్లు ఎంత జోరుగా దిగాయి, మిషెల్ దగ్గర ఉన్నప్పుడు ఎంత జోరుగా దిగాయి. రెండింటికీ స్పష్టమైన తేడా కనిపిస్తే మీ పక్షాన నేనే వాదిస్తాను.