31 వారాలకే నొప్పులు: ముందు స్కానా, ఫైబ్రోనెక్టిన్ పరీక్షా?

ప్రశ్న: మా చెల్లికి 31 వారాల గర్భం. రాత్రి నుంచి పొట్ట గట్టిపడి వదులుతోంది. నరసరావుపేట డాక్టరమ్మ, కాన్పు త్వరగా వచ్చేలా ఉందా అని యోని స్రావంతో చూసే ఫైబ్రోనెక్టిన్ పరీక్ష చేయించండి, లేదా గుంటూరులో చేర్చండి అన్నారు. మరిది ఆటో నడుపుతాడు. ఆ డబ్బు దండగా, లేక అడ్మిషన్ ఖర్చు తప్పుతుందా?

జవాబు: అక్కా, నేను లేబర్ రూమ్ నర్సుని. ముందు కింద నుంచి చేసే స్కాన్ అడగండి. గర్భాశయ ముఖద్వారం పొడవు 15 మిల్లీమీటర్లు దాటితే ఇప్పట్లో కాన్పు రాకపోవచ్చు. బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ మార్గదర్శకాలు 30 వారాలు నిండినవాళ్లకు స్కానే ముందు చెప్తాయి, అది కుదరకపోతేనే ఫైబ్రోనెక్టిన్. 30 నిండకపోతే పరీక్ష లేకుండానే వైద్యం మొదలెట్టమంటాయి. ఫైబ్రోనెక్టిన్ విలువంతా నెగెటివ్‌లోనే ఉంది: అలా వస్తే ఇప్పట్లో కాన్పు రాకపోవచ్చు, అనవసరపు అడ్మిషన్, ఇంజెక్షన్లు తప్పుతాయి. పాజిటివ్ వచ్చినా చాలామందికి అప్పుడే కాన్పు రాదు, కంగారుపడొద్దు.

ఇంకొకరు: రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా ఈ లెక్కలు వద్దమ్మా. వెంటనే పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. మా బాబు ఊపిరితిత్తుల కోసం కాన్పుకు ముందే తల్లికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు 12 గంటలకొకటి, నాలుగు ఇచ్చారు. ఆ మందు చాలా చవక.

ప్రశ్న అడిగినవారు: స్కాన్‌లో 32 మిల్లీమీటర్లు వచ్చింది. సాయంత్రం దాకా చూసి ఇంటికి పంపారు. చెల్లి ఇప్పుడే పెరుగన్నం తింది.