మ్యూనిక్ తెలుగువాళ్ల ఉగాది వేడుక, మార్చి 21: పదిహేను నిమిషాల నాటిక ఎవరి మీద?

నాటక బృందం:
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది కాబట్టి నాటిక సంగతి ఈ వారంలో తేల్చుకుందాం. పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ మధ్య మనకు దక్కింది పదిహేను నిమిషాలు. ఒక మాట ముందే చెబుతున్నాను, ఈసారి దుర్యోధనుడి ఏకపాత్రాభినయం లేదు. మూడేళ్లుగా అదే దుర్యోధనుడు, అదే కిరీటం. ముందు వరుసలో పిల్లలు ఆయనకంటే ముందే పద్యం అందుకుంటున్నారు.

నా ఆలోచన ఇది. మనలో సగం మంది నొయ్‌పెర్లాఖ్ వైపు ఉంటాం. యు5 మెట్రో రైలులో రోజూ వినే స్టేషను పేరు ‘తెరేజె గీజె ఆలే’, అంటే తెరేజె గీజె వీధి. ఎనిమిదేళ్లుగా నేను ఆ స్టేషనులోనే దిగుతున్నాను. పోయిన నెల మా అబ్బాయి ‘అమ్మా, ఈవిడ ఎవరు?’ అని అడిగితే ‘ఎవరో రాణిగారు’ అనేశాను. అక్టోబరు పండుగ జరిగే తెరేజియెన్‌వీజె మైదానానికి రాణి తెరేజె పేరు పెట్టారు కదా, ఈవిడా ఆ ఇంటి మనిషేనని నా లెక్క. ఇంటికి వెళ్లి చదివితే సిగ్గేసింది. ఈవిడ ఇక్కడే, ఈ మ్యూనిక్‌లోనే 1898 మార్చి 6న పుట్టిన నటి. బట్టల వ్యాపారం చేసే యూదు కుటుంబం. నాటక రంగంలో యాభై ఏళ్లకు పైగా, సినిమాల్లో చివరి రోజుల దాకా నటించింది. 1933లో ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది.

ఈవిడ మీద నాటిక వేద్దాం. ఏమంటారు?

కోశాధికారి:
అక్కా, విషయం బాగుంది, కాదనను. కానీ వచ్చేది ఉగాదికి. నాలుగు వందల మంది పులిహోర కోసం ఎదురు చూస్తూ ఉండగా జర్మన్ నటి జీవిత చరిత్ర చెబితే ఫోన్లు బయటికి వస్తాయి. పైగా ఈసారి పరాభవ నామ సంవత్సరం. ఆ పేరు మన నాటికకు తగలకుండా చూసుకుందాం. (ఆ సంవత్సరం పేరు బ్యానరు మీద చిన్న అక్షరాలతో వేయించమని అలంకరణ బృందానికి మనవి.)

నాటిక ఖర్చు రెండు వందల యూరోలు దాటకూడదు.

నాటక బృందం:
అన్నా, జీవిత చరిత్ర చెప్పను. పుట్టింది, చదివింది, పురస్కారాలు అందుకుంది అనే వరస నాకూ నిద్ర తెప్పిస్తుంది. మూడు దృశ్యాలు, అంతే. పులిహోర కంటే ముందు కాస్త కారం వడ్డిస్తాను.

మొదటిది ఆమె పేరుతో. ఆమె ఇంటిపేరు గిఫ్ట్. మనకు గిఫ్ట్ అంటే కానుక, జర్మన్‌లో విషం. ఇక్కడ భాష నేర్చుకునే ప్రతివాడూ మొదటి వారంలోనే నవ్వుకునే మాట ఇది. పుట్టినరోజు సంచి మీద ఆ మాట చూసి మన పిల్లల స్నేహితులు ఎలా చూస్తారో మీకు తెలుసు. నటి అయ్యాక ఆమె ‘గీజె’ అని పేరు మార్చుకుంది. దీన్ని ఇద్దరు పిల్లలతో రెండు నిమిషాల్లో చెప్పించవచ్చు, నవ్వు గ్యారంటీ.

రెండవదే అసలు దృశ్యం. 1926 నుంచి ఆమె మాక్సిమిలియన్ వీధిలోని కామర్‌ష్పీలె నాటకశాల నటి. అందగత్తె వేషాలకు పిలిచే రూపం కాదు. తల్లులు, పనివాళ్లు, గయ్యాళులు, ముసలమ్మలు ఆమె వంతు. గొంతు బరువు, యాస పక్కా బవేరియా. 1933 జనవరి 1న ఆమె, నవలా రచయిత థామస్ మన్ కూతురు ఎరికా మన్, తమ్ముడు క్లౌస్, సంగీతానికి మాగ్నుస్ హెన్నింగ్, మరికొందరు కలిసి బోన్‌బోనియేర్ అనే చిన్న వేదిక మీద ఒక వ్యంగ్య ప్రదర్శన మొదలుపెట్టారు. పేరు ‘ఫెఫర్‌మ్యూలె’, అంటే మిరియాల మర. భోజనాల బల్ల దగ్గర పేరు కోసం తర్జనభర్జన పడుతుంటే థామస్ మన్ బల్ల మీది మిరియాల మర చూపించి ఇది పెట్టరాదా అన్నాడని చెబుతారు. పాటలు ఎక్కువగా ఎరికా రాసింది, దర్శకత్వం తెరేజెది. ఎవరి పేరూ ఎత్తరు. జానపద కథ చెబుతారు, వంటవాడి కథ చెబుతారు, విన్నవాడికి మాత్రం ఎవరిని అన్నారో తెలుస్తుంది. ఒక పాటలో తెరేజె సాక్షాత్తూ ‘మూర్ఖత్వం’గా వచ్చి తన గొప్పలు తానే చెప్పుకునేది. మన వీధి భాగవతుల్లో హాస్యగాడు ఊరి పెద్దను ఎదురుగా కూర్చోబెట్టి, పేరు ఎత్తకుండా ఉతికి ఆరేస్తాడే, ఆ విద్యే.

ఇప్పుడు స్థలం చూడండి. ఆ వేదిక హోఫ్‌బ్రొయ్‌హౌస్ పక్కనే. మన బంధువులు రాగానే ఫోటోల కోసం తీసుకువెళ్లే ఆ బీరు శాలలోనే 1920 ఫిబ్రవరిలో హిట్లర్ తన పార్టీ కార్యక్రమాన్ని ప్రకటించాడు. గోడకు అటు వాళ్లు, ఇటు వీళ్లు. ప్రదర్శన మొదలైన నెలలోనే హిట్లర్ చాన్సలర్ అయ్యాడు, అయినా వీళ్లు ఆడుతూనే ఉన్నారు. మార్చిలో బవేరియా కూడా నాజీల చేతికి పోయాక దేశం విడిచి వెళ్లక తప్పలేదు.

ఇందులో మీ నాలుగు వందల మందిని కట్టిపడేసేది లేదంటారా?

వంటల బృందం:
మిరియాల మర మా దగ్గర ఉంది, కర్రది, మూరెడు పొడవు. ఇస్తాం. కానీ వేదిక మీద నిజం మిరియాలు వేసి తిప్పవద్దు. నిరుడు హారతి కర్పూరానికే ఆ హాలులో పొగ గంట మోగి అందరం పట్టుచీరలతో మంచులో నిలబడ్డాం. ఈసారి ముందు వరుసలో పంతులు గారు తుమ్మితే పంచాంగం మళ్లీ మొదటి నుంచి చదువుతారు.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఉగాది పచ్చడిలో కారానికి మిరియాల పొడే వేస్తాం, పచ్చిమిరప కాదు. నాటిక మిరియాల మర మీద అయితే ఈసారి అందరికీ అలాగే చేద్దాం. వేపపువ్వు ఇంకా రాలేదు, నెల్లూరు నుంచి వచ్చేవారు తెస్తున్నారు.

అనుమతుల బాధ్యత:
అందరూ ఉత్సాహంలో ఉన్నారు కాబట్టి చన్నీళ్లు చల్లే పని నాది. ఈ దేశంలో రచయిత పోయాక 70 ఏళ్లు, అది కూడా ఆ ఏడాది చివరి దాకా లెక్క. ఎరికా మన్ 1969లో పోయారు, కాబట్టి మిరియాల మర పాటలు 2039 చివరి దాకా ముట్టుకోకూడదు. తెలుగులోకి అనువదించి పాడినా అంతే. ఆమె వేసిన నాటకాల రచయిత బ్రెక్ట్ 1956లో పోయారు, ఆయన నాటకాలకు 2026 చివరి దాకా హక్కులు ఉన్నాయి. సినిమా ముక్క తెర మీద వేయాలన్నా అనుమతి కావాలి. ఆమె ఫోటో పెద్దదిగా వేయించాలంటే ఫోటో తీసినవారి హక్కు అడ్డం వస్తుంది.

జరిగిన సంగతులను మన మాటల్లో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. స్క్రిప్టు పూర్తిగా మనదే కావాలి. నేపథ్య సంగీతం పెడితే జాబితా కార్యక్రమానికి ముందే నాకు ఇవ్వండి, సంగీత హక్కులు చూసే గేమా సంస్థకు నేను తెలియజేస్తాను. తర్వాత చెబితే రెట్టింపు కట్టాలి, కోశాధికారి గారు నన్ను వదలరు.

నాటక బృందం:
మంచిదే. మూర్ఖత్వం పాట మనమే కట్టుకుందాం, ఆ సరుకు మన దగ్గర తక్కువా?

రెండవ దృశ్యంలో ఏమేమి రావాలో రాస్తున్నాను. స్క్రిప్టు రాసేవారు ఇందులోంచి ఏరుకోండి. 1933లోనే జ్యూరిక్‌లో, హిర్షెన్ హోటల్‌లో మిరియాల మర మళ్లీ తిరిగింది. 1934 నవంబరులో అక్కడి నాజీ అభిమానులు ప్రదర్శనలో అల్లరి చేశారు, కుర్చీలు విరిగాయి. అయినా ఊరూరా తిరుగుతూ ఐరోపాలో 1034 ప్రదర్శనలు ఇచ్చారు. 1936లో బ్రిటిష్ పాస్‌పోర్టు కోసం ఆమె జాన్ హాంప్‌సన్ అనే ఆంగ్ల నవలా రచయితను పెళ్లాడింది. అది కాగితం పెళ్లి, ఇద్దరికీ తెలుసు. (వీసా కోసం మన కౌంటర్ల దగ్గర పడే పాట్లకు ఇది ఎక్కడో బంధువే, కానీ పోల్చవద్దు. ఆమె వెనక ఉన్నది చావు.)

1937 జనవరిలో న్యూయార్క్ వేదిక ఎక్కారు. అక్కడ దెబ్బతిన్నారు. పాటలు ఇంగ్లీషులోకి మార్చారు, జనానికి ఎక్కలేదు, కొద్ది రోజులకే మూత. నాకు ఆ వెయ్యి ప్రదర్శనల కంటే ఈ ఓటమి ముఖ్యం. యాసతో బతికే హాస్యాన్ని ఇంకో భాషలో పెడితే ఏమవుతుందో ఆఫీసు పార్టీలో జోకు చెప్పి మూగబోయిన మనవాళ్లను అడగండి. ఈ ముక్క తీసేయమని ఎవరూ చెప్పవద్దు.

స్క్రిప్టు రాసే బాధ్యత:
అక్కా, బ్రెక్ట్ ఎక్కడా రారా? మా కాలేజీలో ‘మదర్ కరేజ్’ తెలుగులో వేశాం, నేను బండి లాగాను. ఆ పాత్ర ప్రపంచంలో మొదట వేసింది ఈవిడేనని ఇప్పుడే తెలిసింది. జనం అంతా బెర్లిన్‌లో వేసిన హెలెనె వైగల్ పేరే చెబుతారు.

నాటక బృందం:
అవును, 1941 ఏప్రిల్ 19, జ్యూరిక్ షౌష్పీల్‌హౌస్. చుట్టూ యుద్ధం, హాలు నిండా ప్రవాసులు. యుద్ధం మీద నాలుగు డబ్బులు సంపాదించుకుందామని బండి వేసుకుని తిరిగే వ్యాపారి, తన పిల్లలను ఆ యుద్ధానికే పోగొట్టుకుంటుంది. రచయిత చూపించదలచింది ఆమె బుద్ధి రాకపోవడం. అక్కడ జనం మాత్రం కన్నతల్లి కడుపుకోత చూసి ఏడ్చారు. బ్రెక్ట్‌కు అది నచ్చలేదు, తర్వాత జాలి తగ్గేలా కొన్ని చోట్ల తిరగరాశాడు. 1950లో ఇక్కడి కామర్‌ష్పీలెలో ఆయనే స్వయంగా ఆమెతో వేయించాడు.

స్విస్ నాటక రచయిత డ్యూరెన్‌మాట్ సంగతి ఒక వాక్యంలో రావచ్చు. 1956లో తన ఊరి మీద పగ తీర్చుకోవడానికి వచ్చే కోటీశ్వరురాలి వేషం, 1962లో పిచ్చాసుపత్రి డాక్టరు వేషం. ఆ డాక్టరును మొదట మగవాడిగా రాసుకున్నాడట, ఆమె నాకిమ్మంటే ఆడదాన్ని చేశాడు. నాటకం అచ్చయినప్పుడు ఆమెకే అంకితమిచ్చాడు. అడిగి వేషం మార్పించుకోవడం, అదీ అరవై దాటాక! మన బృందంలో సీత వేషం తప్ప వేయనని కూర్చునేవారు గమనించాలి. పేర్లు చెప్పను.

బండి మాత్రం వద్దు. హాలు తలుపు ఇరుకు.

కోశాధికారి:
సరే, ఒప్పుకుంటున్నాను. మూడవ దృశ్యం ఏమిటి? దానికి డబ్బెంత?

నాటక బృందం:
మూడవదానికి ఒక కుర్చీ, ఒక బల్ల. ఒక్క మాట కూడా ఉండదు.

లూయీ మాల్ అనే ఫ్రెంచి దర్శకుడి ‘లకోంబ్ లూసియన్’ సినిమా 1974లో విడుదలైంది. అందులో ఆమె నాయనమ్మ. యుద్ధకాలపు ఫ్రాన్సులో కొడుకు, మనవరాలితో తలదాచుకున్న యూదు ముసలామె. ఇంట్లో పెద్ద గొడవలు జరుగుతూ ఉంటాయి. ఈవిడ దాదాపు ఏమీ మాట్లాడదు, ఒక్కతే పేక పేర్చుకుంటూ కూర్చుంటుంది. యాభై ఏళ్లు గొంతుతో నాటకశాలలు దద్దరిల్లించిన మనిషికి, డెబ్బై అయిదేళ్ల వయసులో, మాటలు లేని వేషం. మరుసటి ఏడాది మార్చి 3న మ్యూనిక్‌లోనే కన్నుమూసింది. సమాధి జ్యూరిక్‌లో ఉంది. మాల్ తన తర్వాతి సినిమాను ఆమెకు అంకితం చేశాడు.

సినిమా దృశ్యాన్ని అనుకరించను, హక్కుల బాధ్యులు ఊపిరి పీల్చుకోవచ్చు. నాకు కావలసింది ఆ కూర్చునే తీరు. భాష తెలియని దేశంలో, కొడుకు ఇంట్లో, చుట్టూ తనకు అర్థం కాని మాటలు జరుగుతుంటే చేతులకు ఏదో పని చెప్పుకుంటూ కూర్చునే పెద్దావిడ. మూడు నెలల వీసా మీద వచ్చే మన అమ్మలు మధ్యాహ్నం ఒంటిగంటకు ఎలా కూర్చుంటారో ఎవరైనా చూశారా? మనం ఆఫీసులో ఉంటాం, చూడం. నేపథ్యంలో పిల్లల జర్మన్ మాటలు, ఫోను, తలుపు గంట వినిపిస్తాయి. ఆవిడ తల ఎత్తదు. రెండు నిమిషాలు. దీపాలు ఆరిపోతాయి, వెంటనే రైలు ప్రకటన: తెరేజె గీజె ఆలే.

దీనికి నటించడం తెలిసిన పెద్దావిడ కావాలి. జుట్టుకు తెల్ల రంగు వేసుకున్న వాలంటీరు కాదు.

రిజిస్ట్రేషను బల్ల:
అక్కా, మా అమ్మ ఇక్కడే ఉంది. తిరుగు ప్రయాణం మార్చి 24న. పెళ్లికి ముందు తెనాలిలో పరిషత్తు నాటకాల్లో వేసేది, మా నాన్నగారి ఇంట్లో ఇష్టం లేక మానేసింది. నిన్న మీరు రాసినదంతా చదివి వినిపించాను. ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర ‘మాటలు లేకపోతే మరీ కష్టం, ఎన్ని రోజులు రిహార్సలు పెడతారు?’ అని అడిగింది.

ఒక షరతు. పేక ముట్టదు. వత్తులు చేసుకుంటూ కూర్చుంటానంది.

నాటక బృందం:
పిన్నిగారికి నమస్కారాలు చెప్పండి. పేక కంటే వత్తులే బాగుంటాయి, ఇది నాకు ఎందుకు తట్టలేదో. శనివారం పదింటికి మా ఇంట్లో మొదటి రిహార్సలు. పిల్లల తల్లిదండ్రులు పదకొండున్నరకు తీసుకురండి, అంతకు ముందు వద్దు, ఆవిడతో ఒక్కదాన్నే కూర్చోవాలి.

కోశాధికారి గారూ, కుర్చీ, బల్ల హాలువాళ్లవే. మర వంటల బృందానిది. ఖర్చు సున్నా.

రిజిస్ట్రేషను బల్ల:
చిన్న చిక్కు. ఇక్కడి మందుల దుకాణంలో దూదితో వత్తి నిలవడం లేదట, వేళ్ల మధ్య విరిగిపోతోందంటోంది అమ్మ. గింజ తీసిన దేవుడి పత్తి ఎవరి ఇంట్లోనైనా ఉంటే శనివారానికి ఒక గుప్పెడు తెస్తారా?

వంటల బృందం:
నా దగ్గర పెద్ద పొట్లం ఉంది. వేపపువ్వు తెచ్చేవారితో ఇంకొంచెం కూడా చెప్పాను.