ఇంటర్నెట్‌ను కొత్తగా ఊహించే విద్యార్థి పోటీ: నడిచే నమూనా తప్పనిసరా?

నిబంధనలరాత
విద్యార్థులకు డిజైన్ పోటీ పెడుతున్నాం. అంశం: ‘ఇంటర్నెట్‌ను మళ్లీ మొదటి నుంచి ఊహించండి’. జట్టుకు నలుగురు, గడువు ఆరు వారాలు. ముసాయిదాలో 4వ నియమం దగ్గర ఆగిపోయాం: ‘కనీసం రెండు యంత్రాల మధ్య నడిచే నమూనా చూపాలి. చూపకపోతే 100లో 40 మార్కులు ఉండవు.’ ఉంచాలా, తీసేయాలా?

రౌటర్‌రావు
ఉంచాల్సిందే. లేకపోతే అందరూ ఒకటే బొమ్మ వేసుకొస్తారు: మధ్యలో మేఘం, చుట్టూ బాణాలు, మూలన ‘వికేంద్రీకృతం’ అని ఒక ముక్క. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నమూనా అంటే కోటలు కట్టమని కాదు. రెండు రాస్ప్‌బెర్రీ పైలు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు), ఒక ఈథర్నెట్ కేబుల్ చాలు. లైనక్స్‌లో నెటెమ్ (కావాలని ఆలస్యం, నష్టం తెప్పించే సాధనం) పెట్టి ఉపగ్రహ లింకంత ఆలస్యం తెప్పించవచ్చు: రానుపోను 600 మిల్లీసెకన్లు, నూటికి రెండు ప్యాకెట్ల (నెట్‌లో వెళ్లే సమాచారపు ముక్కల) నష్టం. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నెటెమ్ బయటికి వెళ్లే ప్యాకెట్లనే ఆపుతుంది కాబట్టి రెండు వైపులా 300 చొప్పున పెట్టాలి. పైగా దాని క్యూ (ప్యాకెట్లు వేచి ఉండే వరుస) మామూలుగా 1000 ప్యాకెట్లే. 300 మిల్లీసెకన్ల ఆలస్యంతో సెకనుకు 40 మెగాబిట్లు దాటిందా, క్యూ నిండి ప్యాకెట్లు రాలిపోతాయి. జట్టేమో తప్పు తమ ప్రోటోకాల్‌దే (యంత్రాలు మాట్లాడుకునే నియమాలదే) అనుకుని రెండు రోజులు వెతుక్కుంటుంది. ఆ క్యూ లిమిట్ పెంచితే సరిపోయేదానికి.

ఊహాలోకం
తీసేయాలి. 1989 మార్చిలో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాకేంద్రంలో వెబ్ గురించి ఇచ్చింది కాగితాలే. బ్రౌజర్ నడిచింది 1990 చివర్లో. సందేశాన్ని ముక్కలు చేసి పంపే ఆలోచనను పాల్ బారన్ అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్‌లో అచ్చేసింది 1964లో, ఇంటర్నెట్‌కు ముందుమెట్టయిన ఆర్పానెట్‌లో మొదటి సందేశం వెళ్లింది 1969 అక్టోబర్ 29న. మీ 4వ నియమం పెడితే ఇద్దరికీ 40 మార్కులు గోవిందా.

పొట్లం64
బారన్‌ను పోస్టర్ల పక్కన నిలబెట్టకండి. ఒక్కో నోడ్‌కు (నెట్‌వర్క్‌లోని యంత్రానికి) మూడు నాలుగు లింకులుంటే, పెద్ద దెబ్బ తగిలినా మిగిలినవి చాలావరకు కలిసే ఉంటాయని ఆయన అనుకరణ (సిమ్యులేషన్) చేసి చూపించాడు.

ఊహాలోకం
అనుకరణ అన్నారుగా, యంత్రాలు అనలేదుగా. మరి నియమంలో ‘రెండు యంత్రాలు’ ఎందుకు?

చివరిబెంచీ
అసలు రెండు యంత్రాల మధ్య దారి ఒక్కటే. రౌటింగ్ (ప్యాకెట్‌కు దారి ఎంచడం) ప్రసక్తే రాదు. మూడు ఉండాలి.

రౌటర్‌రావు
రెండు చాలు. రౌటింగ్ ఒక్కటే ఇంటర్నెట్ కాదు.

చివరిబెంచీ
మూడే. త్రికోణంలో ఒక కేబుల్ పీకితే ప్యాకెట్ మూడోదాని మీదుగా వెళ్లిందా లేదా తెలుస్తుంది. రెండింటి మధ్య కేబుల్ పీకితే చూడ్డానికేం మిగలదు.

ఊహాలోకం
ఒకే ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (ఒకే యంత్రాన్ని విడివిడి నెట్‌వర్క్‌లుగా చూపే లైనక్స్ ఏర్పాటు) పెట్టుకుంటే ఇరవై నోడ్లు వస్తాయి. ఏమీ కొనక్కర్లేదు.

రౌటర్‌రావు
వస్తాయి, కానీ ఇరవైకీ గడియారం ఒక్కటే. అసలు చిక్కు అక్కడే దాక్కుంటుంది. రాస్ప్‌బెర్రీ పైలో నాలుగో మోడల్ దాకా సొంత గడియారం లేదు. నెట్ లేనిచోట ఆన్ చేస్తే పాత తేదీతో లేస్తుంది. సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదంటూ, వెబ్ భద్రత చూసే టీఎల్‌ఎస్ మొండికేస్తుంది. ‘నెట్ లేకున్నా నడిచే ఇంటర్నెట్’ అని మొదలుపెట్టే జట్లు తల కొట్టుకునే గోడ ఇదే.

ఇంకోటి. ఆ రాస్ప్‌బెర్రీ పై ఇచ్చే వైఫైకి ఫోన్ కలిపితే, అందులో నెట్ లేదని కనిపెట్టి చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. దాన్ని ఆపినా, పేజీని ఐపీ చిరునామాతో ఉత్త హెచ్‌టీటీపీలో తెరిస్తే సర్వీస్ వర్కర్ (నెట్ లేనప్పుడూ పేజీ చూపించే బ్రౌజర్ స్క్రిప్ట్) పనిచేయదు. బ్రౌజర్ దాన్ని హెచ్‌టీటీపీఎస్‌లోనో లోకల్‌హోస్ట్‌లోనో తప్ప ఒప్పుకోదు. ల్యాప్‌టాప్‌లో అన్నీ చక్కగా నడిచి, జడ్జీల ముందు ఫోన్‌లో ఆఫ్‌లైన్ పేజీ తెరుచుకోనిది ఇందుకే. మీ నేమ్‌స్పేస్‌లలో ఇవేవీ కనబడవు.

ఊహాలోకం
ఇవన్నీ ఇప్పటి బ్రౌజర్ తిప్పలు. కొత్తది ఊహించమని చెప్పి పాతదాని చిల్లులు లెక్కపెట్టిస్తారేం? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఎలాగండీ?

రౌటర్‌రావు
నావి రెండే. మూడు కాళ్లు చివరిబెంచీ గారివి.

గీతలపుస్తకం
జడ్జీలెవరు? నెట్‌వర్క్ వాళ్లా, డిజైన్ వాళ్లా? అది చెప్పకుండా యంత్రాలు లెక్కపెడితే ఏం లాభం.

ఊహాలోకం
రావు గారూ, నవ్వులాట కాదు. ఇలాంటి పోటీల్లో ఎప్పుడూ పైకొచ్చేది టంకం బాగా వేసేవాళ్లే. ప్రశ్న బాగా వేసినవాళ్లకు ఒక ప్రశంసాపత్రం పడేసి పంపేస్తారు. రెండో మూడో, నాకు ఆ లెక్కతో పనిలేదు. ఆరు వారాల్లో నడిచేది తెమ్మంటే పిల్లలు ఏం తెస్తారు? హెచ్‌టీటీపీ మీద ఒక చాట్ యాప్. కింద పొరలన్నీ యథాతథం, పైన కొత్త రంగు. 40 మార్కులు చేతిలో పెట్టుకుని మీరు వాళ్లను తోసేది అటే.

రౌటర్‌రావు
ఈ మాట మొదటే చెప్పాల్సింది. కానీ కింది పొర మార్చాలనుకున్నవాళ్ల గతి కూడా చూడండి. డేటా చేరవేసే ఎస్‌సీటీపీ ప్రోటోకాల్ 2000లోనే ప్రమాణంగా వచ్చింది. ఒకే కనెక్షన్‌లో పలు ప్రవాహాలు, రెండు చిరునామాల వాడకం, అన్నీ ఉన్నాయి. ఇళ్లలోని నాట్ పెట్టెలకు (ఒకే చిరునామాను ఇంట్లో యంత్రాలన్నింటికీ పంచే రౌటర్లకు) మామూలుగా వాడే టీసీపీ, యూడీపీ ప్రోటోకాల్‌లు తప్ప మరోటి తెలియదు కాబట్టి చాలాచోట్ల దాన్ని దాటనివ్వలేదు. క్విక్ అనే కొత్త ప్రోటోకాల్ 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000 అనే ప్రమాణ పత్రంగా వచ్చి నిలబడిందంటే, యూడీపీ పొట్టలో దాక్కుని వెళ్లింది కాబట్టే. తన ప్యాకెట్ ఒక పెట్టె దగ్గర చచ్చిపోవడం కళ్లారా చూడని విద్యార్థికి ఇది ఎలా ఎక్కుతుంది?

ఊహాలోకం
మీకు కావాల్సింది ఆ పెట్టెను తప్పించుకునే విద్యార్థి. నాకు కావాల్సింది అక్కడ ఆ పెట్టె ఎందుకుందని అడిగే విద్యార్థి. 32 బిట్ల ఐపీ చిరునామాలు దాదాపు 429 కోట్లే, అవి చాలక వచ్చిన సర్దుబాటు అది. కొత్త తరం చిరునామాల పద్ధతి, 128 బిట్ల ఐపీవీ6 నిర్దేశం 1998లోనే ఉంది. పెట్టె మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో రెండు పైల మధ్య కేబుల్ పెట్టి చూపించలేరు, వాదించి రాయాల్సిందే.

పొట్లం64
రెండూ కలిసిన చోటు ఒకటుంది. 2010లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) భవిష్యత్ ఇంటర్నెట్ నిర్మాణాల కోసం నాలుగు ప్రాజెక్టులకు నిధులిచ్చింది. వాటిలో ఎన్‌డీఎన్ ఒకటి. యంత్రం చిరునామా కాదు, సమాచారం పేరు చెప్పి అడిగే నెట్‌వర్క్. ఊహేమో అడుగు పొరనే మార్చింది, ప్రయోగాల నెట్‌వర్క్ మాత్రం యూడీపీ సొరంగాల్లో, అంటే పాత ప్యాకెట్ల లోపల దూరి, నడిచింది.

రౌటర్‌రావు
అంటే నమూనా ఉందిగా.

ఊహాలోకం
ఆరు వారాల్లో రాలేదుగా.

చివరిబెంచీ
నమూనా విరిగినా మార్కులివ్వండి. ఎక్కడ విరిగింది, ఎందుకు, ఏ పొరలో అని రెండు పేజీలు రాయమనండి, ప్యాకెట్ క్యాప్చర్ ఫైలు (వెళ్లిన ప్యాకెట్ల రికార్డు) జత చేయమనండి.

గీతలపుస్తకం
జడ్జీల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

నిబంధనలరాత
అందరికీ ధన్యవాదాలు. 4వ నియమం సవరించాం: ‘రెండు’ తీసి ‘మూడు’ చేశాం, అనుకరణకూ ఒప్పుకుంటున్నాం.

ఊహాలోకం
40 మార్కుల మాటేమిటి?