కంట్రోల్ రూమ్ అంతా స్క్రీన్ల మీదకొచ్చేస్తే స్టేషన్ మాస్టర్ ఏం చేయాలి?

కొత్త_ఎస్సెమ్

అందరికీ నమస్కారం. నాకు స్టేషన్ మాస్టర్ పోస్టొచ్చి ట్రైనింగ్‌లో ఉన్నాను. మొన్న మా బ్యాచ్‌ని ఒక డివిజన్ కంట్రోల్ ఆఫీసుకి తీసుకెళ్లారు, నేనేమో గోడంతా స్క్రీన్లుంటాయి, బటన్ నొక్కితే సిగ్నల్ పడుద్ది అనుకుంటూ వెళ్లాను, అక్కడ చూస్తే ఒక్కో కంట్రోలర్ ముందు మానిటర్లు, చెవికి హెడ్‌ఫోన్, గంటసేపు మనిషి మాట్లాడతానే ఉన్నాడు. "ఎన్నింటికి దాటింది, లూప్‌లో ఎవరున్నారు, పవర్ ఎప్పుడొస్తది" ఇదే (లూప్ అంటే మెయిన్ లైన్ పక్కన బండి ఆపే పట్టా, పవర్ అంటే ఇంజన్). ప్రయాగ్‌రాజ్‌లో, గూడ్సుల కోసమే వేసిన ఫ్రైట్ కారిడార్ కంట్రోల్ సెంటర్ ఫొటోలు చూస్తే వేరే లోకంలా ఉంది. మన పాత లైన్లకి అలాంటిది ఎందుకు రాలేదు? వస్తే రూట్లన్నీ (ఏ బండి ఏ పట్టా మీద పోవాలో) వాళ్లే వేసుకుంటారు కదా, ఇక స్టేషన్‌లో నా పనేంటి? నిజంగా దిగులుగా ఉంది, తెలిసినోళ్లు చెప్పండి.

రిటైర్డ్_బోర్డు

బాబూ, నేను సెక్షన్ కంట్రోలర్‌గా చాలా ఏళ్లు చేసి దిగాను. నువ్వు చూసిందే మాకు కొత్త లోకం. మా రోజుల్లో పెద్ద గ్రాఫ్ కాగితం, అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్లు, ప్రతి స్టేషన్ మాస్టరూ ఫోన్‌లో టైము చెప్పగానే స్కేలు పెట్టి గీత లాగాలి, ఎక్స్‌ప్రెస్‌కో రంగు గూడ్సుకో రంగు. గీత నిటారుగా ఉంటే బండి పరిగెడుతున్నట్టు, అడ్డంగా పడుకుంటే ఎక్కడో ఆగినట్టు. ఆరు గంటల డ్యూటీ దిగేసరికి చెవి మండిపోయేది, చూపుడువేలికి పెన్సిల్ కాయ కాసేది.

తర్వాత రైల్వే సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ వాళ్లు చేసిన కంట్రోల్ ఆఫీస్ అప్లికేషన్ వచ్చింది, మేం సీఓఏ అనేవాళ్లం. టైము కొడితే గీత అదే పడుద్ది. నీ ఫోన్‌లో రైలు ఎక్కడుందో చూపించే యాప్‌కి సమాచారం వెళ్లేది కూడా అక్కణ్ణుంచే. ఇప్పుడు ఇస్రోతో కలిసి ఇంజన్లకి ఆర్‌టీఐఎస్ పెడుతున్నారు, ఉపగ్రహం మీదుగా 30 సెకన్లకోసారి బండి ఎక్కడుందో, ఎంత స్పీడ్‌లో ఉందో వస్తది, అది పెట్టిన బండికి చార్టు దానంతటదే నడుస్తది. ఇది చిన్న విషయం కాదు బాబూ, మా బుర్రలో సగం టైములు రాసుకోడానికే అయిపోయేది.

కానీ నిర్ణయం మాత్రం గీత గీయదు. కావలిలో లూప్‌లో గూడ్సు ఉంది, వెనకాల ఎక్స్‌ప్రెస్ పావుగంట లేటు. గూడ్సుని ఇప్పుడు వదిలితే నెల్లూరు దాకా పోద్దా, బిట్రగుంటలోనే మళ్లీ పక్కన పెట్టాలా, దాని క్రూ ఎక్కి ఎంతసేపైంది, గూడూరు అవతల మద్రాసు వాళ్లు తీసుకుంటారా, మధ్యలో ఇంజనీరింగ్ వాళ్లు పట్టాల పనికి బ్లాక్ (కాసేపు బండ్లు ఆపడం) అడుగుతున్నారా, ఇవన్నీ ఒక్క నిమిషంలో తేల్చాలి. స్క్రీన్ ఆ నిమిషాన్ని నీకిస్తది, అదీ దాని ఉపకారం.

రిలేరూమ్

నేను సిగ్నల్ డిపార్ట్‌మెంట్. పైన సార్ చెప్పిన సీఓఏ, ఆర్‌టీఐఎస్ రెండూ *చూపిస్తాయి*, సిగ్నల్ వెయ్యవు. సెంటర్‌లో కూర్చుని రూట్ వెయ్యడాన్ని సీటీసీ అంటారు. పాత లైన్ మీద అస్సలు లేదనుకోకండి, ఘాజియాబాద్ - కాన్పూర్ సెక్షన్ కోసం టుండ్లాలో పెట్టారు. ప్రయాగ్‌రాజ్ సెంటర్ 2020 డిసెంబర్ 29న మొదలైంది, పశ్చిమ కారిడార్‌ది అహ్మదాబాద్‌లో 2024 మార్చిలో. కాకపోతే అవి కొత్తగా వేసిన లైన్లు, ఇంటర్‌లాకింగ్ (పట్టా మళ్లించే పాయింట్లు, సిగ్నళ్లు ఒకదానికొకటి పొసిగితేనే దారిచ్చే ఏర్పాటు), కేబుల్, కంట్రోల్ సెంటర్ అన్నీ కలిపి డిజైన్ చేసుకున్నారు. మన పాత లైన్‌లో ఒక స్టేషన్‌లో రిలేలు, పక్కదాంట్లో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్, ఆ పక్కది ఇంకో కంపెనీది, వీటన్నిటినీ ఒకే భాష మాట్లాడించాలి, ఫైబర్ ఒక దారిలో తెగితే ఇంకో దారిలో వెళ్లేట్టు ఉండాలి, పైగా రైళ్లు ఆపకుండా ఈ పనంతా చెయ్యాలి. అదీ ఆలస్యానికి కారణం.

ఇంకోటి మనసులో పెట్టుకోవాల్సింది. సెంటర్ నుంచి వచ్చేది కేవలం అడగడమే, ఒప్పుకోవాలా వద్దా అనేది స్టేషన్‌లో ఉన్న ఇంటర్‌లాకింగ్ చూసుకుంటది. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనాగా బజార్‌లో జరిగిన ప్రమాదంలో ఏమైంది? మెయిన్ లైన్‌కి గ్రీన్ ఉంది, పాయింట్ మాత్రం లూప్‌కి ఉంది, తప్పేమో పట్టాల పక్కన సిగ్నల్ సర్క్యూట్ మార్చిన చోట జరిగింది. ఎంత పెద్ద వీడియో వాల్ పెట్టినా కింద వైరు ఏం చెప్తే అదే చూపిస్తది. అందుకే నేను మా వాళ్లతో ఎప్పుడూ గొడవ పడేది ఇదే, కంట్రోల్ హాల్‌కి పెట్టే శ్రద్ధ పట్టాల పక్కన వైర్లుండే లొకేషన్ బాక్సుకీ పెట్టండి, పని అయ్యాక టెస్టింగ్ పూర్తిగా చెయ్యనివ్వండి, "బండ్లు ఆగిపోతున్నాయి, త్వరగా ఇచ్చెయ్" అని నెత్తి మీద కూర్చోకండి అని.

యార్క్_నుంచి

నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో రైల్వే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఇక్కడ 800కి పైగా సిగ్నల్ బాక్సుల పనిని ఓ డజను పెద్ద సెంటర్లకి తేవాలని ప్లాన్ వేసుకున్నారు, యార్క్‌ది అందులో ఒకటి. అయినా ఇంకా పాత బాక్సులు నడుస్తున్నాయి, ఒక్క రోజులో అయ్యే పని కాదు. పాయింట్ ఫెయిలైతే సెంటర్‌లో వాళ్లు అక్కడికి పోలేరు కాబట్టి వ్యాన్ వేసుకుని చోటుకి వెళ్లే ఆపరేషన్స్ మేనేజర్లు వేరే ఉంటారు. అన్నీ బాగున్న రోజు ఒక మనిషి చాలా దూరం చూసుకోగలడు, చెడిన రోజు అదే మనిషికి ఒకేసారి పది చోట్ల నుంచి ఫోన్లు. ఎంతమంది కావాలో ఆ చెడిన రోజుని బట్టి లెక్కెయ్యాలి, మంచి రోజుని బట్టి కాదు.

కొత్త_ఎస్సెమ్

థాంక్స్ సార్, థాంక్స్ అన్నా. అంటే సీటీసీ వచ్చినా ఫెయిల్యూర్ టైమ్‌లో స్టేషన్‌లో మనిషి కావాలన్నమాట. మరి రోజూ రూట్ వెయ్యకపోతే చెయ్యి మర్చిపోమా?

రిటైర్డ్_బోర్డు

మర్చిపోతారు బాబూ, నా భయం కూడా అదే. అందుకే స్టేషన్‌కి అప్పుడప్పుడు కంట్రోల్ తిరిగి ఇచ్చి, ఒక షిఫ్ట్ వాళ్ల చేతే నడిపించాలని నా అభిప్రాయం. నువ్వు మాత్రం ట్రైనింగ్ అయ్యేలోపు పర్మిషన్ అడిగి ఒక రాత్రి షిఫ్ట్ కంట్రోలర్ బోర్డు పక్కన కూర్చో. రెండింటికి మొదలుపెట్టు, ఆ టైమ్‌లోనే గూడ్సులన్నీ కదుల్తాయి. టైము చెప్పడం రెండు నిమిషాలు లేటైతే అవతల చార్టు ఎలా వంకరపోద్దో నీ కళ్లతో చూడు.